కుట్టని ముక్కుకు పుడక

పోయిన వారం మనం స్వర్ణలతను కడప ఆస్పత్రిలో, పిల్లల వార్డు ముందున్న ఇనుప బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చేశాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. కూర్చోలేదు, నిలబడి ఉంది. లోపల మంచం మీద ఐదేళ్ళ కూతురు హర్షిణి మోకాళ్ళు కడుపులోకి ముడుచుకొని పడుకుంది. ఒంటిమిట్ట రాములవారి కల్యాణం చూసి మాధవరానికి తిరిగొచ్చిన మర్నాటి నుంచీ ఆ పిల్లకు కడుపునొప్పి. దిష్టి తీశారు, వాము నీళ్ళు తాగించారు, తాయెత్తు కట్టించారు. పచ్చటి వాంతులు మొదలైతే గానీ మగ్గం దిగి ఆస్పత్రికి రావాలని ఎవరికీ తోచలేదు. పొద్దున తీసిన ఎక్స్‌రేలో పేగుల నడుమ తెల్లగా, గుండ్రంగా ఏదో కనబడింది. డాక్టరు ఇంకా నోరు విప్పనైనా లేదు, "రూపాయి బిళ్ళ!" అని తీర్పు చెప్పేసింది అత్త రామలక్ష్మమ్మ.

ఆ తొందరే స్వర్ణలతకు గొంతులో ముల్లులా గుచ్చుకుంది. ఎక్స్‌రే అంటే ఏమిటో ఎరగని మనిషికి అది రూపాయి అని ఎట్లా తెలిసింది? తెలియకపోతే అంత గట్టిగా ఎందుకు చెప్పింది? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకుండానే "మా ఇంట్లో చిల్లర యాడ పడితే ఆడ ఉంటాది సార్" అని రెండుసార్లు ఎందుకు అన్నది?

అనుమానం స్వర్ణలతకు పుట్టింటి నుంచి తెచ్చుకున్న సొమ్ము. పడుగులో ఒక్క పోగు తెగితే నేసే మొగుడి కంటే ముందు ఆమె కంటికే ఆనుతుంది. ఆ మొగుడు ఓబుళేశు బేతంచెర్లలో పెళ్ళివాళ్ళకు చీరలు ఇచ్చి రావడానికి పోయి, సంగతి తెలిసి పడుతూ లేస్తూ తిరిగి వస్తున్నాడు. అంతవరకూ ఆస్పత్రిలో ఉన్నది అత్తాకోడళ్ళిద్దరే. పోట్లాడుకుంటే సర్ది చెప్పే దిక్కు కూడా లేదు.

పిల్లల సర్జన్ ఏసుకుమార్ రెండో ఫిల్ము చేతిలో పట్టుకొని వచ్చి, ఇద్దరినీ లోపల పిల్ల మంచం దగ్గరికి పిలిచాడు. మాటలు పొదుపుగా వాడే మనిషి. ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి చూపించాడు.

"ఇది రూపాయి కాదమ్మా. ముందు నుంచి తీస్తే ఒకటే బిళ్ళలాగా కనబడింది. పక్క నుంచి తీయించినాను, చూడండి. ఒకటి కాదు. ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. మధ్యలో ఈ సన్నటి సందు చూస్తున్నారా? పొద్దున ఎక్కడున్నాయో ఇప్పుడూ అక్కడే ఉన్నాయి, కదలడం లేదు. నాకు తెలిసి ఇవి అయస్కాంతాలు."

"అయస్కాంతాలు మా ఇంట్లో యాడుంటాయి సార్? మేము చీరలు నేసుకునేటోళ్ళం" అంది స్వర్ణలత.

డాక్టరు తన కోటు చేతిని మడతపెట్టి రెండు వేళ్ళ మధ్య నొక్కిపట్టాడు. "ఒక్కటే మింగితే చాలావరకు దొడ్డికి వచ్చేస్తుంది. రెండు, మూడు మింగితే అట్లా కాదు. ఒకటి ఈ పేగు మడతలో, ఇంకొకటి ఆ పేగు మడతలో ఉండి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. నడుమ పేగు గోడలు ఇదిగో, ఇట్లా ఇరుక్కుంటాయి. అక్కడ రక్తం ఆడదు. చివికి రంధ్రం పడుతుంది. అప్పుడిక బిడ్డ ప్రాణం మీదికే వస్తుంది."

 రామలక్ష్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. దానికి ముందు నాకు రెండు నిజాలు కావాలి" అన్నాడు డాక్టరు. "అవేమిటి, ఎన్ని మింగింది? ఫిల్ములో ఒకదాని వెనక ఒకటి దాక్కొని ఉంటే నాకు తక్కువ కనబడతాయి. ఒకటి లోపలే వదిలేసి కుట్లు వేస్తే కత మళ్ళీ మొదటికి వస్తుంది. ఇంకొకటి, పొద్దున్నుంచి బిడ్డ ఏమన్నా తిన్నదా?"

"చుక్క నీళ్ళు గూడా పొయ్యలేదు సార్. మీరు చెప్పినప్పటి నుంచి నోరు కట్టేసినాము."

ఆ మాట అంటుండగానే వెనక స్టీలు గిన్నె నేలకు రాసుకున్న చప్పుడు సన్నగా వినబడింది. స్వర్ణలత తిరిగి చూసింది. అత్త గోడవైపు చూస్తోంది. మంచం పక్కనుండిన అన్నం క్యారియరు మంచం కిందికి, అందనంత లోపలికి పోయి ఉంది. దానికి కాళ్ళు లేవు కదా!

స్వర్ణలత కూతురి దగ్గరికి పోయి వంగి, చెమట తుడుస్తున్నట్టు పెదాలు తుడిచింది. వేళ్ళు వాసన చూసుకుంది. నెయ్యి. దవడ కింద, గౌను అంచున, నల్లగా ఎండిన రాగిముద్ద మరక. రక్తపరీక్ష కాగితాల కోసం తాను కిందికి దిగిన కాసేపట్లో ఇదంతా జరిగింది.

"అత్తా, పాపకు సంగటి పెట్టినావా?"

"నేనా? నేనేల పెడతా?"

"నా మొగం చూసి చెప్పు."

"నీ మొగంలో ఏముండాదిమే చూసేదానికి? ఇంత వయసొచ్చినాక నీకు సంజాయిషీ చెప్పుకోవల్లనా?"

స్వర్ణలత మోకాళ్ళ మీద కూర్చొని క్యారియరు బయటికి లాగి మూత తీసింది. అడుగు గిన్నెలో సగం ముద్ద మిగిలి ఉంది, పైన నెయ్యి పేరుకొని ఉంది. పిల్లి కళ్ళు మూసుకొని పాలు తాగితే లోకమంతా కళ్ళు మూసుకుంటుందా? రామలక్ష్మమ్మ ఆ గిన్నె వైపు చూసి, డాక్టరు వైపు చూసి, ఒక్కసారిగా గొంతు పెంచింది.

"పెట్టినా! ఏం, తప్పు చేసినానా? వీళ్ళ నాయన చిన్నప్పుడు ఐదు పైసల బిళ్ళ మింగినాడు. మా అత్త నమలనీకుండా మూడు ముద్దలు సంగటి మింగించింది. మర్రోజుకు బిళ్ళ సంగట్లో చుట్టుకొని పడిపాయ. మా ఊర్లో ఎంతమంది పిల్లోళ్ళకు అట్ల పోలేదు? ఆ పొద్దు ఏ డాక్టరు వచ్చినాడు?"

రాయలసీమలో సంగటిని నమిలేవాడు లేడు. వేలితో గుంట చేసి, నెయ్యో పులుసో అద్ది, గుటుక్కున మింగడమే. అట్లా జారిపోయే ముద్ద దారిలో ఏది అడ్డం వచ్చినా వెంట తీసుకుపోతుందని అక్కడి పెద్దవాళ్ళ నమ్మకం. పాపం, ఆ నమ్మకంలో మనవరాలి మీద ప్రేమకు కొరత ఏమీ లేదు. కానీ అదే ప్రేమ ఇప్పుడు ఆపరేషన్ బల్ల మీద ఆ పిల్లకు గండమై కూర్చుంది.

ఏసుకుమార్ కోప్పడలేదు. కోప్పడటానికి టైము లేదన్నట్టు నర్సును కేకేశాడు. "కడుపులోకి గొట్టం వేసి ఉన్నదంతా బయటికి తీయండి. మత్తిచ్చే డాక్టరుకు చెప్పండి, పాప తిన్నదని. మత్తులో ఉండగా ఆ ముద్ద పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే పేగుల దాకా పోయే పనే ఉండదు." ఆ మాట చివర అతని గొంతు కొంచెం కరుకైంది.

స్వర్ణలత ఒళ్ళు మండిపోయింది. అత్తను చెయ్యి పట్టి వార్డు బయటికి, మెట్ల పక్కకు లాక్కొచ్చింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె ఆ పని చేయడం ఇదే మొదలు.

"ఒకటి దాచినావంటే ఇంకోటి గూడా దాచింటావు. రూపాయి రూపాయి అని పొద్దున్నుంచి ఎందుకు గోల పెడతాండావు? ఏం మింగిందో నీకు తెలుసు."

"నాకేం తెలుసు తల్లీ!"

"చౌడమ్మ మీద ఒట్టేసి చెప్పు, తెలీదని."

రామలక్ష్మమ్మ నోరు తెరిచింది, మూసుకుంది. మనిషి మీద ఒట్టు పెట్టమంటే పెట్టేదేమో గానీ, నందవరం చౌడమ్మ వాళ్ళ ఇలవేల్పు. ఆ తల్లి పేరు ఎత్తితే అబద్ధం నాలుక దాటదు. చివరకు మెట్టు మీద చతికిలబడి కొంగుతో మొహం కప్పుకుంది.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరకుంటిని మే…"

ఆ సామెత ఆ చోట, ఆ పొద్దు అనవలసింది కాదు. స్వర్ణలత కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. "చించేది నా బిడ్డ కడుపును అత్తా. చెప్పు" అంది.

అప్పుడు బయటపడింది. ఆ ఇంట్లో ఆడపిల్లకు ముక్కు కుట్టించాలంటే నందవరం పోవాలి, చౌడమ్మ ముందరే కుట్టించాలి. ఇంకెక్కడా సూది తగలకూడదు. మొక్కుబడి ఏటికేడు వాయిదా పడుతూ వచ్చి హర్షిణి ముక్కు బోసిగానే ఉండిపోయింది. కల్యాణానికి ఆ పిల్లకు సీతమ్మ వేషం కట్టారు. పట్టు పావడా, పూలజడ, బాసికం అన్నీ కుదిరాయి. ముక్కు మాత్రం ఖాళీ.

"ముక్కుపుడక లేని సీతమ్మ యాడన్నా ఉంటాదా? నాకు మనసొప్పలేదు" అంది రామలక్ష్మమ్మ. "అప్పుడు మన రాజేశ్వరి అనింది, సూది లేకుండా అంటుకునే పుడకలు అంగట్లోకి వచ్చినాయి మా, ఒకటి ఇస్తా అని. పైన రాయి, ముక్కు లోపల గుండీ. రెండూ ఒకదానికొకటి కరుచుకుంటాయి. ముక్కు కుట్టినట్టూ ఉండదు, మొక్కు చెడినట్టూ ఉండదు. భలే ఉండాదే అనుకున్యా. నీకు చెప్తే ఒప్పుకోవని నువ్వు పక్కన లేనప్పుడు పెట్టినా; నీ కంట పడకముందే తీద్దామని పోతే ముక్కున లేదు, మర్నాడే కడుపునొప్పి అనేసరికి నాకు అనుమానం వచ్చె."

రాజేశ్వరి! స్వర్ణలత అనుమానం కల్యాణం నాటి నుంచీ ఆ పేరు చుట్టూనే తిరుగుతోంది. రాజేశ్వరి ఓబుళేశుకు అక్క. వేంపల్లెలో ఫ్యాన్సీ అంగడి పెట్టుకొని మగవాళ్ళకు తీసిపోకుండా నడుపుతోంది. పండక్కి వచ్చిన మనిషి తెల్లారగానే మూటాముల్లె కట్టుకొని కూతుర్ని తీసుకొని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. మేనకోడలు ఆస్పత్రిలో ఉందని తెలిసి కూడా ఎత్తలేదు. ఎందుకు ఎత్తుతుంది? తన అంగట్లో సరుకు పిల్ల పేగుల్లో ఉందని తెలుసు గనక! స్వర్ణలత మనసులో ఆ నిమిషాన ఆడబిడ్డ మీద పుట్టిన కసి అంతా ఇంతా కాదు. చేతికి చిక్కితే జుట్టు పట్టుకొని ఆస్పత్రి మెట్ల మీద ఈడ్చేదే.

"వదిన మంచిగానే తప్పించుకునింది" అంది పళ్ళు కొరుకుతూ. "ఫోన్ గూడా ఎత్తకుండా!"

రామలక్ష్మమ్మ తల వంచుకుంది. "ఎత్తొద్దని నేనే చెప్పినా. స్వర్ణ ఫోన్ చేస్తే ఎత్తొద్దుమే, పుడక మాట నోరు జారతావు, తమ్ముడి ఇంట్లో నీకు మర్యాద ఉండదు అని. అది నా కూతురు గదా. నువ్వు దాన్ని బతకనిస్తావా?"

స్వర్ణలత అత్తను అట్లాగే డాక్టరు ముందుకు నడిపించుకొని పోయింది. హర్షిణి ముక్కులోంచి సన్నటి గొట్టం వేలాడుతోంది. నర్సు పక్కన బేసిన్లో నల్లటి రాగి నీళ్ళు ఉన్నాయి.

"ముక్కుపుడకంట సార్. అంటించేది" అంది స్వర్ణలత. "ఒక్కటే అంట. పైన రాయి ఒకటి, లోపల గుండీ ఒకటి. రెండు."

ఏసుకుమార్ ఫిల్ము వైపు మళ్ళీ చూశాడు. "రెండేనా?"

"రెండే నాయనా" అంది రామలక్ష్మమ్మ.

"లోపల మూడున్నాయి."

 స్వర్ణలత నెమ్మదిగా అత్త వైపు తిరిగింది. ఆ చూపుకు పచ్చిగడ్డి కూడా భగ్గుమంటుంది. ముసలామె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేసింది. "చౌడమ్మ సాక్షి! నేను పెట్టింది ఒక్క పుడకే. ఎడమ పక్కన. ఇంకోటి యాడ నుంచి వచ్చినాదో నాకు తెలీదు. ఇప్పుడు అబద్ధం చెప్తే నా కండ్లు పోనీ!"

ఈసారి స్వర్ణలతకు నమ్మబుద్ధి వేసింది. అదే ఆమెను మరింత భయపెట్టింది. అత్త అబద్ధం చెబుతోందని తేలితే నిజం ఎక్కడుందో తెలుస్తుంది. అత్తకే తెలియకపోతే ఇంకెవరిని అడగాలి? అడగవలసిన మనిషి మంచం మీద కళ్ళు మూసుకొని ఉంది. ఇంతసేపటి నుంచీ ఇంతమంది ఇన్ని ప్రశ్నలు వేసుకున్నారు గానీ, మింగిన పిల్లను అడగాలని ఒక్కరికీ తోచలేదు.

స్వర్ణలత కూతురి చెవి దగ్గర వంగింది. "బంగారూ, పుడక ఎట్ల మింగినావు?"

హర్షిణి కళ్ళు తెరిచింది. తల్లి మొహాన్ని జాగ్రత్తగా చూసింది. "కొడతావు."

"కొట్టను."

"జేజి?"

"జేజి గూడా కొట్టదు. ఎవురూ కొట్టరు. చెప్పు నాయనా."

గొట్టం అడ్డం వస్తుంటే ఆ పిల్ల ఒక్కొక్క మాటే పేర్చింది. "ఫోన్లో ఒక అక్క నాలుక మీద పుడక పెట్టుకోనుండె. మోక్షిత వదిన మనం గూడా పెట్టుకుందాం అనింది. వదినకు రెండు పక్కలా పుడకలుండె. తీసింది. నాకు ఒక రాయి ఇచ్చింది. నావి రెండు, వదినది ఒకటి. నాలుక మీద పెట్టుకుంటిమి. నవ్వొచ్చింది. లోపలికి పోయినాయి."

"మూడు" అన్నాడు డాక్టరు, ఊపిరి వదిలి. లెక్క సరిపోయింది. ఎన్ని తీయాలో అతనికి తెలిసింది. స్ట్రెచరు తెమ్మని సైగ చేశాడు.

స్వర్ణలత మాత్రం కూతురి మీదనుంచి లేవలేదు. "మరి మోక్షిత వదినవి? మిగతావి ఏం చేసింది?"

"వదిన గూడా నాలుక మీద పెట్టుకునింది. వదినకు గూడా నవ్వొచ్చింది." హర్షిణి కళ్ళు మూతలు పడుతున్నాయి. "ఎవురికీ చెప్పొద్దన్యాది. కల్యాణంలో యాడనో పడిపోయినాయని వాళ్ళమ్మకు చెప్తానన్యాది."

మోక్షిత రాజేశ్వరి కూతురు. ఎనిమిదేళ్ళది.  ఒక మనవరాలి కడుపులో ఏముందో దాచి కూతురి పరువు కాపాడాననుకున్న రామలక్ష్మమ్మ, ఇంకో మనవరాలి కడుపులో ఏముందో ఆ కన్నతల్లికే తెలియకుండా చేసింది.

స్ట్రెచరు కదిలింది. స్వర్ణలత కూతురి చెయ్యి పట్టుకొని థియేటరు తలుపు దాకా నడిచింది. అక్కడ ఆ చిన్న చేతిని వదలాల్సి వచ్చింది. వదిలిన చెయ్యినే అత్త ముందు చాచింది. "నీ ఫోను ఇయ్యి. నా నంబరు చూస్తే ఎత్తదు కదా."

రామలక్ష్మమ్మ నడుము సంచిలోంచి బటన్ల ఫోను తీసి ఇచ్చింది. ఒక్క రింగుకే అవతల ఎత్తారు.

"అమ్మా! అది ఏమన్నా అడిగిందా? నువ్వేం చెప్పలేదు గదా?"

"నేను వదినా, స్వర్ణను."

 "అమ్మ ఫోను నీకెట్ల వచ్చింది?"

"అదంతా తర్వాత. మోక్షిత ఎట్లుండాది? పుడకలు మింగినాదంట. హర్షిణి చెప్పింది."

"ఆహా!" అంది రాజేశ్వరి. "ఇదా మీ ఉపాయం? నా బిడ్డను అడ్డం పెట్టి నా నోట పుడక మాట కక్కించల్లనా? దాని పుడకలు కల్యాణంలోనే పడిపోయినాయి. నీ బిడ్డ మింగితే నా బిడ్డ గూడా మింగినాదని పుట్టిస్తాండావా? శానా తెలివి నేర్చినావు స్వర్ణా."

గంట కిందట అయితే ఆ మాటకు స్వర్ణలత పదింతలు అప్పజెప్పేది. ఇప్పుడు మాత్రం ఏడుపు వచ్చింది. తాను ఇన్నాళ్ళూ వాడిన కళ్ళతోనే వదిన తనను చూస్తోంది. "నన్ను ఎన్ని తిట్లన్నా తిట్టు వదినా, పడతా. మోక్షితకు కడుపునొప్పి ఉండాదా లేదా, అది చెప్పు."

 ఫోనులో అంగడి ముందు పోయే ఆటోల చప్పుడు మాత్రం వస్తోంది.

"ఉండె" అంది చివరకు రాజేశ్వరి. గొంతులో పంతం తగ్గలేదు. "ఎండదెబ్బ. రెండు పొద్దులు మెలికలు తిరిగిపాయ, వాంతులు గూడా. ఇప్పుడేం లేదు. పొద్దున ఉన్నట్టుండి నొప్పి తగ్గిపాయ. అప్పటి నుంచి కదలకుండా నిద్రపోతాండాది."

హమ్మయ్య అనుకుంది స్వర్ణలత. గుండె మీది బరువు సగం దిగినట్టయింది. "నొప్పి తగ్గిపోయిందంట సార్, నిద్రపోతాండాదంట" అని పక్కకు తిరిగి చెప్పింది. థియేటరు తలుపులో సగం లోపలికి పోయిన ఏసుకుమార్ ఆగాడు. వెనక్కి రెండంగల్లో వచ్చి ఫోను లాక్కొని స్పీకరు పెట్టాడు.

"అమ్మా, నేను డాక్టరును. నొప్పి దానంతటదే తగ్గడం మంచిది కాదు. పేగు చిల్లి పడినా కాసేపు అట్లాగే తగ్గినట్టు ఉంటుంది. పాప కడుపు మీద చెయ్యి పెట్టి చూడండి, గట్టిగా చెక్కలాగా ఉందా? లేపండి. ఇప్పుడే లేపండి."

"ఏంది సార్, మీరు గూడా…" అని మొదలుపెట్టిన రాజేశ్వరి గొంతు మధ్యలోనే తెగిపోయింది. ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడైంది. అడుగుల చప్పుడు దూరమైంది. ఆ తర్వాత అంగడి వెనక గదిలోంచి పిలుపు వినబడింది.

"మోక్షీ… లెయ్ మా. మోక్షితా! లెయ్యి తల్లీ, అత్త ఫోన్ చేసినాది. మోక్షితా!"

స్వర్ణలత, రామలక్ష్మమ్మ, డాక్టరు, ముగ్గురూ ఆ చిన్న ఫోను మీదికి వంగి నిలబడ్డారు. అవతల రాజేశ్వరి పిలుస్తూనే ఉంది. వాళ్ళకు వినబడుతున్నది ఆమె గొంతు ఒక్కటే.